పెదనాన్న నింపిన కాగితాలు

కందుకూరులో మా పెదనాన్న ప్రస్తావన వస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు "ఆయనా, దానకర్ణుడు గదా" అంటారు. ఆ మాట వినపడితే చాలు, మా పెద్దమ్మ మూతి తిప్పుతుంది. ఆమె తిప్పడంలో న్యాయముంది. ఆయన దగ్గర దానం చేసేంత డబ్బు ఏనాడూ లేదు. బ్యాంకు జీతం, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు, మూడు గదుల ఇల్లు. బస్టాండులో బిచ్చగాడు చెయ్యి చాపితే కూడా జేబులోంచి చిల్లర తీసేవారు కాదు. "ఏ ఊరు మనది? రేషన్ కార్డు ఉందా? వయసెంత?" అని మొదలుపెట్టేవారు. పావలా కోసం వచ్చిన ఆ మనిషి, ఈయన ఎవరో ఆఫీసరనుకుని బెదిరి పక్కకు పోయేవాడు. కొందరు మాత్రం జవాబు చెప్పేవాళ్లు. అట్లా జవాబు చెప్పినవాళ్లలో ఇద్దరు ముగ్గురికి వృద్ధాప్య పింఛను వచ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ దరఖాస్తులు నా చేతే రాయించారు.

ఆయన ఊరికి చేసిన సేవ ఏదైనా ఉందంటే అది ఇదే. ఎవరికి ఏ కాగితం కావాలో, దాని మీద ఎవరి సంతకం ఉంటే పనవుతుందో, ఆ సంతకం పెట్టే మనిషి ఏ రోజు సీట్లో ఉంటాడో ఆయనకు తెలుసు. తెలిసింది దాచుకోలేదు.

1960ల చివర్లో గుమాస్తాగా చేరారు. అప్పట్లో మా ఊళ్లో బ్యాంకంటే పొగాకు వ్యాపారులది, బజారులో షాపులున్నవాళ్లది. మామూలు జనం ఆ మెట్లెక్కేవాళ్లు కాదు. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు, అందులో వీళ్ల బ్యాంకూ ఉంది. ఆ తర్వాత 1972లో నాలుగు శాతం వడ్డీకి పేదలకు అప్పులివ్వాలని స్కీము పెట్టారు. డీఆర్ఐ అనేవాళ్లు. బ్యాంకు ఇచ్చే మొత్తం అప్పుల్లో ఒక శాతం దానికే పోవాలని నిబంధన. మేనేజరు గారిది ఎక్కడో తంజావూరు వైపు. పేదవాళ్లను ఎక్కడి నుంచి పట్టుకురావాలో ఆయనకు తోచలేదు. మా పెదనాన్నకు తెలుసు. అద్దె రిక్షా తొక్కేవాళ్లు, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టేవాళ్లు, తోపుడుబండి మీద అరటికాయలు అమ్మేవాళ్లు. వాళ్లతో రోజూ మాట్లాడే మనిషి కాబట్టి, ఎవరు తాగుతారో ఎవరు తాగరో కూడా తెలుసు. రోజంతా తొక్కి సాయంత్రం రిక్షా యజమానికి అద్దె కట్టేవాడు, అదే డబ్బు బ్యాంకుకు కడితే కొన్నాళ్లకు రిక్షా తనదే అవుతుంది. ఈ లెక్క ఆయన సుద్దముక్కతో బ్యాంకు అరుగు మీద వేసి చూపించేవారని మా నాన్న చెప్పేవాడు.

చిక్కల్లా ఖాతా తెరవడం దగ్గర వచ్చేది. అప్పటికే ఖాతా ఉన్నవాళ్లు ఒకరు పరిచయ సంతకం పెట్టాలి, 'ఈ మనిషిని నేనెరుగుదును' అని. రిక్షా తొక్కే మనిషికి బ్యాంకు ఖాతా ఉన్న స్నేహితుడు ఎక్కడి నుంచి వస్తాడు? బ్యాంకుకు ఎదురుగా టీకొట్టు ఉండేది. ముందు ఆ టీకొట్టాయనకు ఖాతా తెరిపించారు. అక్కడి నుంచి ఊళ్లో సగం మంది పేదలకు పరిచయ సంతకం ఆయనదే. ఊరికే పెట్టేవాడు కాదు. ఒక టీ ఇచ్చి, ఇల్లెక్కడో అడిగి, పాలవాడిని విచారించి, మర్నాడు రమ్మనేవాడు. ఈ రోజుల్లో వెరిఫికేషన్ అంటూ ఇంటికి పంపే కుర్రాళ్లకన్నా ఆయన విచారణే గట్టిదని నా అభిప్రాయం.

గేదెల అప్పుల సంగతి చెబితే నవ్వొస్తుంది. 1980ల్లో ఐఆర్‌డీపీ అని పల్లె పేదల కోసం పెట్టిన సర్కారు పథకం కింద సబ్సిడీ గేదెలు ఇచ్చేవాళ్లు. గేదెకు ఇన్సూరెన్సు, చెవికి నంబరు బిళ్ల. గేదె చచ్చిపోతే ఆ బిళ్ల తెచ్చి ఇస్తేనే క్లెయిము. కొన్నిచోట్ల ఒకే గేదె పొద్దున ఒక ఊళ్లో, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో తనిఖీకి నిలబడేది, బిళ్లలు మాత్రం మారేవి. అప్పటికి ఫీల్డ్ ఆఫీసరైన మా పెదనాన్న గేదె కొమ్ముల వంపు, నుదుటి మీద సుడి నోటుబుక్కులో బొమ్మ గీసి పెట్టుకునేవారు. ఒకసారి అట్లా దొరికిపోయిన ఆసామి, "అయ్యా, మీరు బ్యాంకులో కాదు, పశువుల సంతలో ఉండాల్సినోళ్లు" అన్నాడట. అది పెదనాన్న చాలా గర్వంగా చెప్పుకునేవారు.

1985లో డిపాజిట్లకు నామినీని, అంటే మనిషి పోతే ఆ డబ్బు ఎవరి చేతికివ్వాలో ఆ పేరును, రాసే వీలు వచ్చింది. ఇక ఆయనకు అదే పిచ్చి. అంతకుముందు మొగుడు పోయిన ఆడవాళ్లు బ్యాంకులో ఉన్న నాలుగు డబ్బుల కోసం వారసత్వ సర్టిఫికెట్లంటూ కోర్టుల చుట్టూ తిరగడం చూసి చూసి ఉన్నారు మరి. పెళ్లికి వెళ్లినా, పంక్తిలో పక్కన కూర్చున్నవాడిని "నామినీ రాశారా?" అని అడగడమే. పప్పన్నం తింటున్న మనిషిని పట్టుకుని 'నువ్వు పోతే' అంటూ మొదలుపెడితే ఎవరికి బాగుంటుంది? పెద్దమ్మ పెళ్లిళ్లకు ఆయనతో కలిసి వెళ్లడమే మానేసింది.

నేను డిగ్రీ కావలి జవహర్ భారతిలో చదివాను. అప్పుడు పెదనాన్నకు కావలి ట్రాన్స్‌ఫర్ కావడంతో వాళ్లింట్లోనే ఉన్నాను. ఆ ఇంట్లో వరండాకు తలుపు ఉన్నా వేసే అలవాటు లేదు. ఎనిమిది గంటలకే ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని ఉండేవాళ్లు. "బ్యాంకు పని బ్యాంకులో చూసుకోవాలి గానీ కొంపకు తెస్తే ఎట్టా" అని పెద్దమ్మ సణుగుతూనే టీలు పెట్టేది.

1989 నవంబరు 8 రాత్రి వచ్చిన తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. మా వైపు దాన్ని కావలి తుఫాను అనే అంటారు. థాయిలాండ్ అవతల పుట్టి, ఆ దేశం మీదుగా దాటి బంగాళాఖాతంలోకి వచ్చిందని తర్వాత పేపర్లలో చదివాం. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. ఆ రాత్రి గురించి నేను రాయగలిగింది తక్కువ. తలుపుకు బీరువా అడ్డం పెట్టి, దానికి వీపులు ఆనించి ముగ్గురం కూర్చున్నాం, అంతే. తెల్లవారాక ట్రంకు రోడ్డు మీద పడిపోయిన చెట్ల కొమ్మల్లోంచి వంగుతూ పెదనాన్న బ్యాంకుకు బయల్దేరితే నేనూ వెనకాల వెళ్లాను.

కిటికీలు ఊడిపోయి లోపలికి నీళ్లు కొట్టాయి. కింది అరల్లో ఉన్న సేవింగ్స్ లెడ్జర్లు తడిసిపోయాయి. అప్పుడు కంప్యూటర్లు లేవు. ఎవరికెంత ఉందో ఆ షీట్ల మీద సిరాతో రాసిందే. ఆ లెడ్జర్లు బైండరు విప్పితే ఏ షీటుకా షీటు వచ్చేస్తుంది. అటెండరు, నేను, ఇద్దరు గుమాస్తాలు కలిసి వాటిని డాబా మీదికి మోసి, చాపల మీద పరిచి, ఒక్కో దాని మీద గులకరాయి పెట్టాం. కొన్ని షీట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి, లాగితే చిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి పెద్దమ్మ ఇంటి నుంచి బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చింది. కరెంటు ఎప్పటికొస్తుందో తెలియని ఊళ్లో, బ్యాంకు డాబా మీద కూర్చుని, పాత చీరముక్క అడ్డం వేసి, జనం లెక్కలన్నీ ఆమె ఇస్త్రీ చేసింది. నీలం సిరా అలుక్కుపోయిన చోట్ల పెదనాన్న డే బుక్కులు తీసి, పాత ఓచర్లు వెతికి, అంకె అంకె సరిచూసుకుంటూ పెన్సిలుతో పక్కన రాసుకున్నారు.

ఆ వారంలోనే తుమ్మలపెంట వైపు పాళేల నుంచి సముద్రం మీద బతికే జనం రావడం మొదలైంది. పడవలు పోయాయి, వలలు పోయాయి, ఇళ్లు పోయాయి. ఇంటితోపాటు పాస్‌బుక్కూ పోయింది. ఒక ముసలామె కౌంటరు దగ్గరికి కూడా రాకుండా గుమ్మంలోనే నిలబడి, "పుస్తకం నీళ్లలో పోయింది సామీ, ఇంక డబ్బు కూడా పోయినట్టేనా?" అని అడిగింది. పెదనాన్న ఆమెను లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, ఇస్త్రీ చేసిన ఆ షీటు తీసి, ఆమె పేరు, మొగుడి పేరు, నిల్వ పైకి చదివారు. "ఇంకోసారి చదువు సామీ" అంది. చదివారు. బయటికి వెళ్లి ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది, వాళ్లవి కూడా చదవమని. డూప్లికేటు పాస్‌బుక్కులు రాసీ రాసీ నా అక్షరాలు గుండ్రంగా తయారైంది ఆ రోజుల్లోనే.

రైతుల సంగతి వేరు. పంట సగానికి పైగా పోయిందని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ ఏడు కట్టాల్సిన పంట అప్పును కొన్నేళ్ల వాయిదాల మీదికి మార్చి, మళ్లీ కొత్త అప్పు ఇవ్వచ్చు. రూలు ఉంది, కానీ అది అడిగినవాడికే. ఏ పొలంలో ఏ పంట వేశారో రాసుండే అడంగల్ నకలు తెచ్చుకోవాలి, దరఖాస్తు పెట్టాలి. పెదనాన్న ఆదివారాలు ఊళ్ల మీద పడి, రచ్చబండ దగ్గర కూర్చుని, ఆ దరఖాస్తులు రాయించారు. అందులో కూడా సగం నా దస్తూరీయే.

మరుసటేడు కేంద్రం పదివేల రూపాయల దాకా అప్పుల మాఫీ ప్రకటించింది. 1989 అక్టోబరు 2 నాటికి బాకీ పడ్డవాళ్లకే అది వర్తిస్తుంది. కరెక్టుగా కట్టినవాళ్లకు ఏమీ రాలేదు. సెప్టెంబరులో భార్య కమ్మలు అమ్మి అప్పు తీర్చిన ఒక రైతు వచ్చి, "నేను కట్టకుండా ఉంటే బాగుండేది గదా సార్" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. పెదనాన్న జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ఇరవై ఏళ్లు టైముకు కట్టండి, కట్టండి అని చెప్పుకుంటూ తిరిగా" అని మాత్రం అన్నారు. మాఫీలు మంచివా చెడ్డవా అనే చర్చ ఇప్పుడు టీవీల్లో విన్నప్పుడు, రెండు వైపులా అరిచేవాళ్లలో ఎవరూ ఆ కమ్మల మనిషిని చూసి ఉండరనిపిస్తుంది.

చలికాలంలో కంటి క్యాంపులు జరిగేవి. స్కూలుకు సెలవులిచ్చినప్పుడు బల్లలు కలిపి మంచాలు చేసేవాళ్లు. ఖర్చు ఊళ్లో క్లబ్బు వాళ్లది, డాక్టర్లు బయటి నుంచి వచ్చేవాళ్లు. పెదనాన్న పని రిజిస్టరు. అప్పట్లో శుక్లం తీసేస్తే కంట్లో కొత్త లెన్సు పెట్టడం పల్లె క్యాంపుల్లో లేదు. కొన్ని వారాలాగి సీసా అడుగులాంటి దళసరి కళ్లద్దాలు ఇచ్చేవాళ్లు. అవి లేకపోతే ఆపరేషన్ అయినా చూపు ఆననట్టే. క్యాంపు ముగిశాక అందరూ ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లు. అద్దాల కోసం మళ్లీ రమ్మంటే కొందరు వచ్చేవాళ్లు కాదు. బస్సుచార్జీ లేకనో, తోడు లేకనో. మిగిలిపోయిన అద్దాల పెట్టెలన్నీ పెదనాన్న ఇంటికి తెచ్చి, ఒక్కోదానికి రిజిస్టరులోంచి ఊరి పేరు రాసి అంటించేవారు. ఇక నేను, ఆ సంచీ, ఆర్టీసీ బస్సు.

కొండాపురం వైపు ఒక పల్లెలో ఒక తాత అద్దాలు పెట్టుకుని ముందు ఎదురుగా కట్టేసిన గొర్రెల్ని ఎంచుకున్నాడు. తర్వాత వంటపాకలోంచి వచ్చిన పెళ్లాన్ని ఎగాదిగా చూసి, "ఇదేందే, ఇంత ముసిల్దానివైపోతివి" అన్నాడు. "నువ్వేదో పెళ్లికొడుకువైనట్టు! ముందు అద్దంలో చూసుకో పో" అందామె. సాయంత్రం ఈ ముచ్చట చెబితే పెదనాన్న నవ్వి, "సరే, సంతకం తెచ్చావా?" అన్నారు. అద్దాలు ముట్టినట్టు వేలిముద్ర తేవాలి, అది లేకపోతే రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది. ఆయనకు ఖాళీ గడి కనపడితే నిద్ర పట్టదు.

ఆ తర్వాత కలిగిరి వైపు ఒక చిన్న బ్రాంచికి మేనేజరుగా వేశారు. సరిగ్గా అప్పుడే ఆ ప్రాంతం అట్టుడికిపోతోంది. 1991లో మొదలైన అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లే 1992లో దూబగుంటలో సారా కొట్టు మీదికి కదిలారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలితే దాన్ని ఏం చేయాలనే దగ్గర పొదుపులక్ష్మి వచ్చింది, ఆడవాళ్లు సంఘాలుగా చేరి రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకోవడం. ఈ కథలో బ్యాంకు వాటా గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఎక్కువ భాగం అది విసుక్కోవడమే. సంఘాల ఆడవాళ్లు చిల్లర మూటలు తెచ్చి కౌంటరు మీద పోస్తే క్యాషియరుకు ఒళ్లు మండేది. "ఇవన్నీ ఎవరు లెక్కపెడతారమ్మా" అని తిప్పి పంపేవాళ్లు కొన్ని చోట్ల. పైగా రిజిస్టరు కాని సంఘం పేరున ఖాతా ఎట్లా తెరుస్తామని ఒక అడ్డుపుల్ల. తెరవచ్చని రిజర్వు బ్యాంకు 1993 జనవరిలోనే సర్క్యులరు ఇచ్చింది. దాని నకలు పెదనాన్న సంచీలో మడతపెట్టుకుని తిరిగేవారు. వేరే బ్యాంకుల మేనేజర్లకూ చూపించేవారు, వాళ్లకు అది నచ్చకపోయినా.

చిల్లరకు ఆయన కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ రోజుల్లో చిల్లర కరువు. షాపుల్లో అర్ధరూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టేవాళ్లు. సంఘాలు వచ్చే రోజేదో ఖాయం చేసి, ఆ మధ్యాహ్నానికి బజారులో హోటలువాళ్లను, కిరాణా కొట్లవాళ్లను రమ్మన్నారు. నోట్లిచ్చి చిల్లర పట్టుకుపోవడానికి వాళ్లే ఎగబడ్డారు. వాళ్లే కూర్చుని లెక్కపెట్టుకునేవాళ్లు కూడా. సాయంత్రానికి క్యాషియరు టేబులు ఖాళీ. నెల తిరిగేసరికి ఆ క్యాషియరే "ఈ వారం జనం తగ్గారేంటి సార్" అని అడిగాడట.

సెలవుల్లో వెళ్లినప్పుడు నేను కళ్లారా చూసిందొకటి. సంఘం లీడరు ఒకామె విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెడుతోంది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, కలం ఎత్తి, పెదాలు కదుపుతూ మళ్లీ దించుతోంది. వెనకాల నిలబడ్డామెకు తొందరగా ఉంది. "వేలిముద్ర వెయ్యరాదా అక్కా, బస్సు పోతాంది" అంది. ఈమె తలెత్తకుండానే, "పోతే పోనీ, ఇంకో బస్సొస్తది" అంది. పెదనాన్న తన గదిలోంచి అది చూసి అటెండరును పిలిచి, ఆమె ముందున్న ఇంకుప్యాడ్ తీసేయమన్నారు.

అందరికీ అన్నీ చేసిన మనిషి మా నాన్నకు మాత్రం అప్పు ఇవ్వలేదు. 1980ల మధ్యలో పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, కట్టుకోవడానికి మా నాన్న దరఖాస్తు పెట్టాడు. అన్న పనిచేసే బ్రాంచి కదా అని ధీమా. "నా తమ్ముడి కాగితం నా టేబులు మీదికి రాకూడదు" అన్నారట పెదనాన్న. పక్క ఊరి బ్యాంకుకు పొమ్మన్నారు. ఆ బ్యాంకువాళ్లు మా ఊరు తమ పరిధిలోకి రాదన్నారు. చివరికి మా నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి. నన్ను కావలిలో వాళ్లింట్లో పెట్టింది మా అమ్మ పట్టుదల వల్లే. ఈ విషయంలో నేను మా నాన్న పక్షమే. అర్హత ఉన్న రైతును తమ్ముడు అయినందుకు వెళ్లగొట్టడం నిజాయితీ అనిపించుకోవచ్చు గానీ, న్యాయం మాత్రం కాదు. ఆ మాట పెదనాన్నతోనే అన్నాను ఒకసారి. "నీకు ఉద్యోగం వచ్చాక తెలుస్తుందిలే" అన్నారు. ఉద్యోగం వచ్చింది, నా అభిప్రాయం మారలేదు.

2001లో రిటైరై కందుకూరు వచ్చేశారు. ఫైనాన్సు కంపెనీలు ఎక్కువ వడ్డీ చూపించి, డిపాజిట్లు పట్టి, ఆనక దివాలా తీశామని ఐపీ పెట్టి పోవడం మా వైపు కొత్త కాదు. ఆయన దగ్గరికి వచ్చి అడిగినవాళ్లు బతికిపోయారు, అడగనివాళ్లు తర్వాత వచ్చి ఏడ్చారు. ఆ ఏడ్చినవాళ్లకు కూడా కోర్టులో వేసే క్లెయిము ఫారాలు ఈయనే నింపిపెట్టారు, 'నేను ముందే చెప్పాను గదా' అనకుండా. అనకుండా ఉండటం కష్టమైందని పెద్దమ్మతో చెప్పుకున్నారట.

2014లో జన్‌ధన్ ఖాతాలొచ్చాయి. రూపాయి లేకుండా, ఆధార్ చూపిస్తే చాలు ఖాతా. వరండాలో బల్ల వేసుకుని ఫారాలు నింపుతూ, "పరిచయ సంతకం అక్కర్లేదంట్రా!" అని నాకు ఫోన్ చేసి చెప్పారు. గొంతులో సంతోషమూ ఉంది, కాస్త అసూయా ఉంది. నలభై ఏళ్ల కిందట ఇదే వచ్చి ఉంటే టీకొట్టాయనకు ఎన్ని టీలు మిగిలేవో.

2019లో పోయారు. ఆయన ఖాతాల పని చూడటానికి పెద్దమ్మతో నేనే బ్యాంకుకు వెళ్లాను. ఒక్క కవరులో అన్నీ ఉన్నాయి. ప్రతి డిపాజిట్‌కు నామినీ, క్లెయిము ఫారం కూడా ముందే తెచ్చి, తేదీ, సంతకం తప్ప మిగతాదంతా నింపి పెట్టారు. కౌంటరులో అమ్మాయి, "ఇట్లా ఎవరూ తేరు ఆంటీ" అంది. "ఇంట్లో ఉప్పు ఉందో పప్పు ఉందో పట్టేది కాదమ్మా ఆయనకు, ఇది మాత్రం పట్టేది" అంది పెద్దమ్మ.

ఆయన పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లాలో కలిసింది, 1972లో దానికే ప్రకాశం పేరొచ్చింది. 2022లో తీసుకెళ్లి మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిపారు. ఆధార్‌లో జిల్లా మార్చాలా, పొలం పాస్‌బుక్కులో మార్చాలా, పిల్లల సర్టిఫికెట్లలో ఏది రాయాలి అంటూ ఊళ్లో ఒకటే గొడవ. అలవాటు కొద్దీ నలుగురైదుగురు మా పెదనాన్న ఇంటి దాకా వచ్చి, వరండా ఖాళీగా చూసి, పెద్దమ్మను పలకరించి పోయారట. "మీ పెదనాయన ఉంటే ఇంకో రెండు బల్లలు వేయించేవాడు" అంది ఫోన్లో. "నాకు టీలు పెట్టే చాకిరీ తప్పింది." ఆ వెంటనే, జిల్లా మార్చే ఫారం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమంది. పక్కింటి వాళ్లకట.